వంటయింటి సంస్కారము - ఎంతవఱకు?

గోదావరీతీరమునందలి యొక పట్టణమున మాకు మిత్రులొకరు గలరు. వారి యిల్లు తాతలనాటిది. గడచిన వేసవిలో వారు తమ వంటయింటిని బాగుచేయింప దలచి మమ్ము సలహా యడిగిరి. మేము పోవునప్పటికి వారింట పెద్దచర్చ జరుగుచుండెను. నడిమిగోడను పడగొట్టి, వంటయింటిని భోజనపుగదితో గలిపి, గోడల పొడవున బీరువాలు బిగించు మాడ్యులరు కిచెను నేర్పాటు చేయవలెనని పెద్దకుమారుని పట్టుదల. గోడలకు రంగు వేయించి, గచ్చు మార్చిన జాలునని తండ్రిగారి యభిప్రాయము. మేస్త్రి రెండు లెక్కలు వ్రాసి తెచ్చెను; మొదటిది రెండవదానికి ఆరింతలు. అంతయు మార్చవలెనని యొకరును, ఏమియు మార్చనక్కఱలేదని యొకరును గంటసేపు వాదించిరి. ఆ గంటసేపును, ఆ వంటయింట నలువదియేండ్లుగా వండుచున్న తల్లిగారు లోపల మాకు కాఫీ కలుపుచుండిరి. ఆమె యభిప్రాయ మేమని యడుగవలెనను తలపు ఆ గదిలో నొక్కరికిని గలుగలేదు. నిజము చెప్పవలెనన్న, మొదట మాకును గలుగలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మటగూడ ఈ విషయము మా మనస్సును వదలలేదు. వంటయింటి నెంతవఱకు మార్చవలెనను ప్రశ్న మా మిత్రుని యింట బుట్టినది కాదు. దానికి రెండువందల యేండ్లకు మించిన చరిత్ర గలదు. శాస్త్రజ్ఞులును, ఉపాధ్యాయినులును, గృహశిల్పులును, ప్రభుత్వములును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనిరి. వారిలో గొందఱు గెలిచిరి, పెక్కండ్రు ఓడిరి. ఆ గెలుపోటములకు గారణ మేమో తెలిసికొన్నచో, మన యింటి మేస్త్రికి ఏమి చెప్పవలయునో మనకే తోచును.

ముందుగా మన పూర్వపు వంటయింటిని దలచుకొందము. మూడు రాళ్లో, మట్టితో మెత్తిన పొయ్యియో, ప్రక్కన కట్టెలు, పిడకలు, ఊదుగొట్టము, మూలను రోలు, రోకలి, సన్నికల్లు, రుబ్బురోలు, నేలమీద కత్తిపీట, దూలమునకు ఉట్టి, పైన అటక. కిటికీ చిన్నది, పెక్కిండ్ల నదియు లేదు. మడి యాచారము గల యిండ్లలో పరుల చూపు సోకరాదని వెలుతురుగూడ రాకుండ జేసిరి. స్త్రీ నేలపై గూర్చుండి వండును. మాటిమాటికి లేచి నీళ్లకై పెరటికి బోవును. పొగ యింటికప్పు సందులలోనుండి మెల్లగా వెడలును. వెడలునంతవఱకు ఆమె కన్నులలోను ఊపిరితిత్తులలోను నివసించును. అయితే ఈ పొగవలన నొక ప్రయోజనముగూడ గలదని మన పెద్దలందురు. అది పూరికప్పులోని పురుగును బోగొట్టును. అటకమీది విత్తనములను బుచ్చిపోనీయదు. చెడ్డదని మనమనుకొను పాతవస్తువు సైతము ఇంటిలో నేదో యొక పని చేయుచునే యుండును. దానిని దీసివేయువారు, ఆ పని నిక నెవరు చేయుదురో ముందుగా ఆలోచింపవలయును. ఈ యాలోచన చేయనివారి కథలు మున్ముందు వచ్చును.

పొయ్యిని శాస్త్రదృష్టితో బరిశీలించినవారిలో బెంజమిన్ థాంసన్ ప్రముఖుడు. ఈయన 1753లో అమెరికాలో జన్మించి, బవేరియా కొలువున జేరి, కౌంటు రంఫర్డు అను బిరుదు వహించెను. 1790 ప్రాంతమున మ్యూనికు నగరమందు బిచ్చగాండ్రకు బని కల్పించు శాల నేర్పఱచి, వందలకొలది జనమునకు వంట చేయింపవలసి వచ్చినప్పుడు, బయలుమంటలోని వేడిమిలో నధికభాగము వృథాగా బోవుచున్నదని యాయన కనిపెట్టెను. ప్రతిపాత్రకును ఇటుకకట్టులో నొక గుంట యేర్పఱచి, దానిక్రింద మంటను మూసి, వేడిమిని హద్దులో నుంచు పొయ్యిలను గట్టించెను. కట్టెలు మిగిలినవి, వంటవారికి సెగ తగ్గినది. కాని ఆ పొయ్యి శాలలకును శ్రీమంతుల భవనములకును దగినది. చిన్నయింటి కది చాల పెద్దది. దానిలోని సూత్రమును గ్రహించి చిన్నయింటికి దగిన యినుపపొయ్యిని జేయుట తరువాతివారి పనియయ్యెను.

ఇంటిపని నెఱిగిన స్త్రీలు ఈ విషయమును జేపట్టినపుడు చర్చ పొయ్యినుండి గదికి మారెను. కేథరిన్ బీచరు అను నమెరికను ఉపాధ్యాయిని 1841లో గృహనిర్వహణమును గూర్చి యొక గ్రంథమును బ్రకటించెను. 1869లో తన చెల్లెలును, 'అంకుల్ టామ్స్ కాబిన్' రచయిత్రియు నగు హేరియట్ బీచర్ స్టోతో గలిసి మఱియొకటి వెలువరించెను. సేవకులు లేని యింట నిల్లాలే సమస్తమును జేసికొనవలసి యుండగా, ఆ శ్రమను దగ్గించు టెట్లని ఆమె విచారించెను. పొగయోడలోని వంటవాడు ఇఱుకుగదిలో నిలిచి వందలమందికి వండగలుగుచున్నాడు గదా, అందులకు గారణ మేమి? అన్నియు నతని చేతికందు దూరమున నుండుటయే. ఈ సూత్రమును బీచరు ఇంటికి దెచ్చెను. పిండిడబ్బా, పనిబల్ల, నీటితొట్టి యొకదానిప్రక్క నొకటి కిటికీవెలుతురులో నుండవలెను. పొయ్యి మాత్రము, సెగయు వాసనయు రాకుండ, అద్దపుతలుపుల కావల నుండవలెను. ఆమె గదిని బెంచుమనలేదు, అమరికను మార్చుమనెను.

1912లో క్రిస్టీన్ ఫ్రెడరికు ఒక స్త్రీల మాసపత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసి, మఱుసటియేట గ్రంథముగా బ్రకటించెను. కర్మాగారములలో పనివాండ్ర కదలికలను లెక్కించి కాలమును మిగిల్చు టేలరు పద్ధతిని ఆమె వంటయింట బ్రయోగించెను. ఇల్లాలు పొయ్యినుండి తొట్టికి, తొట్టినుండి బల్లకు ఎట్లు తిరుగుచున్నదో గీతలు గీసి చూపెను. ఒక పటమున ఆ గీతలు చిక్కుపడిన దారమువలె నుండును. రెండవపటమున, సామాను క్రమమును మార్చినంతనే, గీత తిన్నగా సాగును. చదువరులు తమ యింటిని గూర్చి యట్టి పట మొకటి గీసికొనవచ్చును. దానికి కాగితమును, పెన్సిలును, ఒక పూట యోపికయు జాలును. మేస్త్రిని బిలుచుటకు ముందు చేయదగిన పని యిదియే.

ఆ గ్రంథము జర్మనులోనికిని బరివర్తింపబడెను. మొదటి మహాయుద్ధము ముగిసినపిదప ఫ్రాంక్‌ఫర్టు నగరమున సామాన్యులకు వేలకొలది యిండ్లు గట్టవలసివచ్చెను. ఆ పనికి నాయకుడగు ఎర్న్‌స్టు మే ఆధ్వర్యమున, మార్గరెతె షూటె లిహోట్‌స్కీ యను గృహశిల్పిని 1926లో నొక వంటయింటిని గల్పించెను. దాని వెడల్పు 1.9 మీటరులు, పొడవు 3.4 మీటరులు. రైలుబండిలోని వంటగది ఆమెకు మాదిరి. కిటికీక్రింద పనిబల్ల, కూర్చుండి పనిచేయుటకు దిరుగుడుపీట, గోడకు మడచు ఇస్త్రీబల్ల, దినుసులకు అల్యూమినియపు సొరుగులు—ప్రతివస్తువునకును స్థానము నిర్ణయింపబడెను. సుమారు 10,000 ఇండ్ల నిది యమర్పబడెను. మా మిత్రుని కుమారుడు వలచిన మాడ్యులరు కిచెను ఈమె వంటయింటి సంతతిలోనిదే.

అయినను ఆ యిండ్ల గాపురమున్నవారందఱు తృప్తిపడలేదు. ఆ గదిలో నొక్కరికే చోటు. కూతురు తల్లికి, భర్త భార్యకు సాయపడదలచినను నిలువవీలులేదు. ఇంటిల్లిపాదియు గూర్చుండి భుజించు పాతవంటయిల్లు పోయి, ఇల్లా లొంటరిగా బనిచేయు చిన్న కర్మాగారము వచ్చెను. ఆ వంటయింటిని గల్పించునాటికి తాను వంట చేసినదానను గానని, సంసారము నడపినదానను గానని లిహోట్‌స్కీయే పిదప జెప్పుకొనెను. ఆమెయం దీ మాటవలన మాకు గౌరవము హెచ్చినదే గాని తగ్గలేదు. నాజీల నెదిరించి చెఱసాల ననుభవించిన ధీరురాలామె. 1897లో బుట్టి 2000లో గాలధర్మము నొందెను. లోకము తన్ను ఆ వంటయింటితోనే గుర్తుంచుకొనుట ఆమెకే నచ్చలేదు. ఆమె యడుగులను లెక్కించినది. ఆ యడుగులు ఎవరెవరు పంచుకొందురని యడుగలేదు.

ఆ ప్రశ్న నడిగినది అమెరికను చరిత్రకారిణి రూత్ ష్వార్ట్స్ కొవాన్. తల్లికి మఱింత పని యని యర్థమిచ్చు పేరుతో ఆమె 1983లో నొక గ్రంథము వ్రాసెను. పూర్వము కట్టెలు గొట్టుట, పిండి విసరించుకొని వచ్చుట వంటి పనులు పురుషులును పిల్లలును జేయుచుండిరి. ఇనుపపొయ్యియు మిల్లుపిండియు వచ్చి వారి పనిని దీసివేసినవి. ఇల్లాలి పని మాత్రము తగ్గలేదు. ఒక్కకుండలో నుడికిన భోజనమునకు బదులు నాలుగు వంటకములు, ముతకరొట్టెకు బదులు మెత్తనిరొట్టె యందఱును గోరసాగిరి. యంత్రము మిగిల్చిన కాలమును ఇంటివారి కోరికలు తినివేసినవి. మన యిండ్లలో మాత్ర మట్లు జరుగలేదా? గ్రైండరు వచ్చినది, వారమున కొకనాటి యిడ్డెనలు మూడునాళ్లవి యైనవి.

ఇక మన తెలుగునాటికి వత్తము. ఇచ్చట సంస్కారమను మాటకును వంటయింటికిని గల సంబంధము 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున దెలియవచ్చెను. ఆనాడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఊరివారు వెలివేసి, వంటవారును నీళ్లు మోయువారును రాక మానినపుడు, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు దెచ్చి వండి పెట్టిరి. ఆ యుద్యమమున నిచ్చిన యుపన్యాసములను మన మెఱుగుదుము. ఆమె మోసిన బిందెల నెవరును లెక్కింపలేదు. వీథిలో ఎంతటి సంస్కారము జరిగినను దాని బరువు తుదకు వంటయింట బడును. అట్టి వంటయింటిని సంస్కరించు తలపు మనకు చాల యాలస్యముగా గలిగినది.

గాంధీగారి ప్రేరణచే 1934లో నేర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము వార్ధాలో వెలసెను. 1940 వ దశకమున నచ్చట మగన్ చుల్హా యను పొగతక్కువ పొయ్యి రూపొందెను. పిదప హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు పొగగొట్టముతో గూడిన మట్టిపొయ్యిని సిద్ధముచేసి, లక్షలాదిజనులకు పొగలేని వంటయిండ్లు అను నర్థము గల యాంగ్లగ్రంథమును 1953లో బ్రకటించిరి. ఒకే మంటపై ఒకటికంటె నెక్కువ గిన్నెలు పెట్టవచ్చును; పొగ గొట్టముగుండ బయటికి బోవును; పొయ్యి మట్టితోనే కట్టవచ్చును. అణువును జీల్చుచున్న కాలమున నొక ఇంజనీరు పేదయిల్లాలి పొయ్యియెదుట గూర్చుండుట తెలుగువారు గర్వింపదగిన విషయము.

పొగ యెంతటి శత్రువో ఆ మీదట దెలిసెను. 1980 వ దశకారంభమున కిర్క్ స్మిత్తును, ఆయన సహచరులును గుజరాతు గ్రామములలో వంట చేయు స్త్రీలు పీల్చు గాలిని గొలిచి, పొగ వీథిలోకంటె వంటయింటనే భయంకరమని లోకమునకు జాటిరి. ఇంటిలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్కకట్టినది.

ప్రభుత్వమువారును ఊరకుండలేదు. 1980 వ దశకమున దేశమంతట మెఱుగైన పొయ్యిల పథకమును బ్రారంభించి, 2002లో ముగియునాటికి మూడుకోట్లకు పైగా పొయ్యిలు పంచిరి. ఇంతటి సంస్కారము మఱియొకటి గలదా? కాని పెక్కిండ్ల నా పొయ్యిలు కొన్నినెలలకే మూలబడెను. సంఖ్య పూర్తిచేయుటకై తొందరగా గట్టినవి బీటలువాఱినవి. గొట్టములలో మసి పేరుకొన్నప్పుడు దులుపువారు లేరు. పెద్దకుండకు రంధ్రము చిన్నది, చిన్నగిన్నెకు పెద్దది. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రెమా హన్నా అను పండితులు ఒడిషాలో సుమారు 2,600 కుటుంబములను నాలుగేండ్లు పరిశీలించి చూచిరి. క్రొత్తపొయ్యివలన మొదటియేట పొగ తగ్గినది. తరువాత నా మేలు మాయమైనది. ఇల్లాండ్రు పొయ్యిని సరిగా వాడలేదు, బాగుచేసికొనలేదు. దీనికి వారి యజ్ఞానము కారణమని చెప్పుట సులభము. అయితే, తమకు గావలసిన దేదని యడుగకయే తమ యింట గట్టిపోయిన వస్తువును శ్రమపడి కాపాడుకొనువా రెందఱు?

గ్యాసు కథ కొంత భిన్నము. 1955లో బొంబాయిలో మొదలైన సిలిండరు చాలకాలము పట్టణములలోని కలవారి సొత్తుగా నుండెను. 1999లో ఆంధ్రప్రదేశమున దీపము పథకము వచ్చి, పొదుపుసంఘములలోని పేదస్త్రీలకు గ్యాసు కనెక్షను లిప్పించెను. 2016 మే 1న బలియాలో నారంభమైన ఉజ్జ్వల పథకము, 2019 నాటికి 8 కోట్ల యిండ్లకు గ్యాసును జేర్చెను. ఇది నిజముగా గొప్పమేలు. మట్టిపొయ్యివలె ఇది మూలబడలేదు. ఏలయన, అగ్గిపుల్ల గీయగనే మంట వచ్చుట ఎట్టి యిల్లాలికైనను బోధింపనక్కఱలేని సుఖము. అయినను సిలిండరు మరల నింపించుటకు సొమ్ము చాలనిచోట గ్యాసును చుట్టములు వచ్చిననాటి కాఫీకి దాచుకొని, నిత్యపు వంటకు కట్టెలనే వాడిరి. మొదటి సిలిండరు ప్రభుత్వ మిచ్చును. రెండవది యిల్లు కొనవలెను. ఏ మార్పునకైనను మొదటి ఖర్చుతోబాటు నెలనెల ఖర్చును లెక్కింపవలెను. మాడ్యులరు కిచెనునకును ఇదియే సూత్రము: చెక్కకు జెదపట్టినపుడు, యంత్రపు చిమ్నీలో జిడ్డు పేరుకొన్నపుడు ఎవరు తుడుతురు?

గోడ కదలకుండ వచ్చిన మార్పులను గూడ స్మరింపవలయును. 1955 ప్రాంతమున కోయంబత్తూరులో సభాపతియను నాయన విద్యుత్తుతో నడచు రుబ్బురోలును దయారుచేసెను. 1950 వ దశకాంతమునుండి ప్రెషరు కుక్కరులు మనదేశమున విరివిగా దయారయ్యెను. వీనికై యెవరును ఇల్లు పడగొట్టలేదు. మూలనున్న రోలు స్థానమున నొకటి, పొయ్యిమీద నొకటి నిలిచి, దక్షిణాది స్త్రీల భుజముల నొప్పిని ఏ శిల్పియు దగ్గింపనంతగా దగ్గించినవి.

ఈ చరిత్రనంతను ఎదుట బెట్టుకొని చూచినచో, మాకు దోచిన క్రమ మిది. మొదట ఊపిరి: పొగయు సెగయు వెడలునట్లు, గాలి వెలుతురు వచ్చునట్లు చేయుట. దీనికి ఎంత సొమ్మైనను అధికము గాదు; అవసరమైనచో గోడనుగూడ గొట్టవచ్చును. రెండవది నడుము: గట్టు ఎత్తు, తొట్టి దూరము, నిత్యము తీయు బియ్యపుడబ్బా చేతికందుట. ఇవి వండువారి శరీరమును గొలిచి నిర్ణయింపవలసినవి. మూడవది నీరు, తూము, శుభ్రత. అలంకారము కడపటిది. సొమ్ము మిగిలిన జేసికొనవచ్చును. దానిలో దోషము లేదు. కాని కడపటిదానిని మొదట జేసి, మొదటిదానిని మఱచుటయే మన యిండ్లలో దఱచుగా జరుగుచున్నది. అంతయు మార్చుటయు, ఏమియు మార్చకుండుటయు చూచుటకు విరుద్ధములుగా నున్నను, రెంటికిని మూల మొక్కటే: వండువారిని అడుగకుండుట.

మేము మరల మిత్రుని యింటికి బోయి, ఈ సంగతులు చెప్పి, తల్లిగారిని బిలువుడని కోరితిమి. ఆమె మొదట "నాదేముంది బాబూ, మీరంతా కలిసి ఎలా అంటే అలాగే" అనిరి. నలువదియేండ్ల యలవా టది. కుమారుడు సిగ్గుపడి, "కాదమ్మా, నువ్వే చెప్పాలి" అని పట్టుపట్టెను. అప్పు డామె లేచి వంటయింటి నడుమ నిలిచిరి.

"గోడ జోలికి వెళ్లకండి నాయనా. ఆ పడమటి కిటికీ పెద్దది చెయ్యండి, సాయంత్రాలు కళ్లు కనపడటం లేదు. తొట్టి దాని కిందకి రావాలి. గట్టు నాలుగంగుళాలు దించండి, మీ నాన్న తన ఎత్తు చూసుకుని కట్టించారు. ఇంక, ఇక్కడ ఇద్దరు పక్కపక్కన నుంచునేంత చోటు ఉండాలి."

"ఇద్దరెందుకమ్మా?" అని కుమారు డడిగెను.

"ఇన్నేళ్లూ ఒక్కదానికే చోటుంది కదా, అందుకు" అని యామె నవ్విరి.

తండ్రిగారు గట్టువంక జూచి చాలసేపు మాటాడలేదు. మఱునాడు మేస్త్రి మూడవలెక్క వ్రాసి తెచ్చెను. అది రెండవదానికి గొంచెమే యెక్కువ. అందు కిటికీ యున్నది, తొట్టి యున్నది, నాలుగంగుళముల గట్టు మార్పున్నది, రెండవమనిషికి జోటును ఉన్నది. ఆ రెండవమనిషి యెవరో మాత్రము మేస్త్రి వ్రాయలేడు. అది ఆ యింటివారు వ్రాసికొనవలసినది. మన యిండ్లలోను అంతే.